నారంగ పద పటం: ఐరోపాలోని 37 భాషల్లో ఒక పండు పేరు (ప్రాజెక్టు డైరీ)

చేస్తున్న పని ఇది. ఇంగ్లీషులో ఆరెంజ్ అనే పండుకు ఐరోపాలోని 37 భాషల్లో ఉన్న పేర్లను సేకరించి, వాటి పుట్టుపూర్వోత్తరాలను బట్టి శాఖలుగా విడదీసి, పూర్తిగా తెలుగు లిపిలో ఒక గోడ పటంగా ముద్రించాలి. కాగితం ఏ2 పరిమాణం, అంటే 594 మిల్లీమీటర్ల వెడల్పు, 420 మిల్లీమీటర్ల ఎత్తు. ఇదే పద్ధతిలో మరో పదంతో పటం చేసుకోదలచినవారికి ఏ దశలో ఏది పని చేయలేదో, దాన్ని ఎలా మార్చవలసి వచ్చిందో ముందుగానే తెలియాలన్నది ఈ డైరీ ఉద్దేశం.

వాడిన సాధనాలు: లిబ్రే ఆఫీస్ స్ప్రెడ్‌షీట్, క్యూజిఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్, నేచురల్ ఎర్త్ వారి ఉచిత భూపట సమాచారం, నోటో సాన్స్ తెలుగు ఫాంటు, ఆయా భాషల వ్యుత్పత్తి నిఘంటువులు.

మొదటి దశ: ముందు పండును నిర్ణయించడం

పదాల వేట మొదలుపెట్టే ముందు ఏ పండు పేరు వెతుకుతున్నామో తేల్చుకోకపోతే పట్టిక మొత్తం చెడిపోతుంది. తెలుగువారికి ఈ చిక్కు మరీ ఎక్కువ. మన బజారులో తొక్క వదులుగా ఉండి సులువుగా ఊడివచ్చే నాగపూర్ పండును కమలా అనీ, సంత్రా అనీ, ఈమధ్య నారింజ అనీ పిలుస్తున్నాం. వృక్షశాస్త్రం ప్రకారం అది మాండరిన్ జాతి. ఐరోపా భాషలు దానికి వేరే పేర్లు పెట్టుకున్నాయి. ఐరోపావారు ఆరెంజ్ అని మాట్లాడే తీపి పండు సిట్రస్ సినెన్సిస్. నల్లగొండ తోటల్లో కాసే మన బత్తాయి ఆ జాతిలోదే. ఇక నారింజకాయ పులిహోరలో పిండే పుల్లని కాయకు దగ్గరిది వారి చేదు నారింజ, సిట్రస్ ఆరాంటియం.

ఈ రెండు పండ్లూ మాండరిన్, పంపరపనసల సంకరం నుంచి పుట్టినవే. అయితే అవి ఐరోపాకు చేరిన కాలాలు వేరు. చేదు పండును అరబ్బులు 10, 11 శతాబ్దాల నాటికి సిసిలీకి, స్పెయిన్‌కు తీసుకువెళ్లారు. తీపి పండు 15వ శతాబ్దం చివరిలోనూ 16వ శతాబ్దంలోనూ జెనోవా, పోర్చుగల్ వర్తకుల ద్వారా వ్యాపించింది. ఈ ఎడాన్ని పట్టించుకోకుండా "ఆరెంజ్" అనే ఒకే గడి పెట్టిన పట్టిక దేనికీ పనికిరాదు. అందువల్ల చేసిన మార్పు:

1. ప్రతి భాషకు తీపి పండు పేరుకు ఒక గడి, చేదు పండు పేరుకు మరో గడి, రంగు పేరుకు ఇంకొక గడి పెట్టాలి.
2. నిఘంటువులో లాటిన్ శాస్త్రీయ నామం ఉంటేనే గడి నింపాలి. లేకపోతే ఖాళీగా వదలాలి.
3. మొదటి పటాన్ని తీపి పండు గడితో మాత్రమే గీయాలి.

లెక్క: తీపి పండు గడి 37 భాషలకు నిండింది.

రెండో దశ: లిపి

స్పానిష్‌లో పండు పేరు రోమన్ అక్షరాల్లో చూస్తే "నరంజ" అని చదవాలనిపిస్తుంది, కాని పలికేది నరాన్హ. రాతను అనుసరించి తెలుగులో రాస్తే ఉచ్చారణ తప్పుతుంది, ఉచ్చారణను అనుసరిస్తే పక్క భాషతో ఉన్న చుట్టరికం కనిపించకుండా పోతుంది. రెండింటినీ ఒకే గడిలో ఇరికించే ప్రయత్నం ఫలించలేదు. అసలు లిపిలోని రాతను ఒక గడిలో, తెలుగులో ఉచ్చారణను మరో గడిలో ఉంచి, పటం మీద ఉచ్చారణను మాత్రమే చూపాలని నిర్ణయించాను.

తెలుగు లిపికి ఇక్కడ ఒక మంచి వసతి ఉంది. పాత పుస్తకాల్లో దంత్య చకార జకారాలకు వాడిన ౘ, ౙ అక్షరాలు జర్మన్, గ్రీకు, వెనిస్ మాండలిక పదాలకు అచ్చంగా సరిపోతాయి. జర్మన్‌లో చేదు పండు పేరును పొమెరాన్ౘె అని రాసినప్పుడు, మామూలు చకారంతో రాసినదానికంటే అసలు ధ్వనికి ఎంతో దగ్గరగా ఉంటుంది. ఈ రెండు అక్షరాలు 2008లో, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ సంకేతం నిర్ణయించే యూనికోడ్ 5.1 సంచికతో వచ్చాయి. అందుచేత పాత ఫాంట్లలో వాటి స్థానంలో ఖాళీ డబ్బా కనిపిస్తుంది. ఫాంటు ఎంపిక చేసుకునేటప్పుడు ముందుగా ఈ రెండు అక్షరాలనూ టైపు చేసి చూసుకోవాలి.

మూడో దశ: అక్షర దూరంతో శాఖలు విడదీయడం (విఫలం)

పదాలను చేతితో విడదీయడం కంటే కంప్యూటరు చేత లెక్కింపజేయడం నిష్పాక్షికంగా ఉంటుందన్న ఆలోచనతో ఈ దశ సాగింది. ఒక పదాన్ని మరో పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో లెక్కపెడితే వచ్చే అంకెను అక్షర దూరం అనుకుందాం. అసలు రోమన్ రాతల మీద వచ్చిన కొలతల్లో కొన్ని:

1. స్పానిష్ నరాన్హ, పోర్చుగీసు లరాంజ: దూరం 1.
2. స్పానిష్ నరాన్హ, హంగేరియన్ నరాన్చ్: దూరం 2.
3. స్పానిష్ నరాన్హ, కాటలాన్ తరోంజ: దూరం 2.
4. ఇటాలియన్ అరాన్చ, ఫ్రెంచి ఒరాంజ్: దూరం 4.
5. స్పానిష్ నరాన్హ, చెక్ పొమెరాంచ్: దూరం 6.

ఇందులో రెండో, మూడో వరుసలను పక్కపక్కన పెట్టి చూడాలి. హంగేరియన్ మాట స్పానిష్ మాటకు నిజమైన చుట్టం, రెండూ అరబ్బీ నారంజ్ దాకా వెళ్తాయి. కాటలాన్ తరోంజ వేరే వంశానికి చెందినది, మాదీఫలం జాతికి అరబ్బీలో ఉన్న తురుంజ అనే పేరు నుంచి వచ్చింది. కొలత మాత్రం ఈ రెండింటికీ ఒకే అంకె ఇచ్చింది. నాలుగో వరుసలోని రెండూ దగ్గరి బంధువులే అయినా దూరం రెట్టింపైంది. ఐదో వరుసలోని చెక్ పదం కడుపులో నారంగ దాగి ఉన్నా దూరం 6. బంధువులు కానివారిని దగ్గరకు చేర్చి, బంధువులను దూరం చేసే కొలతతో శాఖలు విడదీయలేం. "సమీపం 3 లోపు" అని గీత గీసినా, "4 లోపు" అని గీసినా ఏదో ఒక వైపు నష్టం తప్పలేదు.

ఈ పద్ధతిని పూర్తిగా వదిలివేశాను. దాని స్థానంలో ప్రతి పదానికీ "ఏ భాష నుంచి, ఏ రూపంలో వచ్చింది" అనే ఒక తల్లి గడి పెట్టి, నిఘంటువు ఆధారంగా చేతితోనే నింపాను. పని ఎక్కువే, కాని శాఖలు వాటంతట అవే తేలాయి. భాషల చుట్టరికాన్ని రూపసామ్యంతో నిర్ణయించరాదని భాషాశాస్త్రం ఎప్పటినుంచో చెబుతున్నదే. ఈ ఐదు వరుసలను అందుకే పటం వెనుక పేజీలో ఉదాహరణగా ముద్రిస్తున్నాను.

నాలుగో దశ: నారంగ శాఖ

ఈ పదం ప్రయాణం మన ఉపఖండంలోనే మొదలైంది. సంస్కృతంలో నారంగ, పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్. సంస్కృతానికి ఇది ద్రావిడ భాషల నుంచి చేరిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. తెలుగులో నారింజ, తమిళంలో నారత్తంకాయ, మలయాళంలో నారంగ నేటికీ వాడుకలో ఉన్నాయి. మలయాళంలో నారంగ అంటే నిమ్మ అన్నది గమనించదగినది. పేరు పుట్టిన చోటనే అది ఒక పండు నుంచి మరో పండుకు జరుగుతూ ఉంది. ఐరోపాలో జరిగినదానికి ఆశ్చర్యపడనక్కరలేదు.

పారసీకంలోని గకారం అరబ్బీలో జకారమైంది. ఐరోపా పడమటి భాషలకు అరబ్బీ రూపమే చేరింది గనుక వాటిలో జకార చకారాలే కనిపిస్తాయి. ఈ శాఖలోని 12 భాషలను మొదటి అక్షరాన్ని బట్టి మూడు వరుసలుగా పెట్టాను.

1. నకారం నిలిచినవి 3: స్పానిష్ నరాన్హ, హంగేరియన్ నరాన్చ్, క్రొయేషియన్ నరాన్చ. చివరి రెండూ వెనిస్ వైపు మాండలికాల్లోని నరాన్ౙ నుంచి వెళ్లాయి.
2. నకారం లకారమైనవి 4: పోర్చుగీసు, గలీసియన్, బాస్క్, మాల్టీస్. ఒకే పదంలో రెండు నకారాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు నాలుక ఒకదాన్ని మార్చుకోవడం దీనికి కారణం.
3. నకారం రాలిపోయినవి 5: ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు, వెల్ష్, ఐరిష్.

మూడో వరుస దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వచ్చింది. ఇంగ్లీషులో "ఎ నారెంజ్" అన్నది "యాన్ ఆరెంజ్"గా విడిపోయిందనే వివరణ విరివిగా ప్రచారంలో ఉంది. ఏప్రన్ అనే మాట ఇంగ్లీషులో నిజంగానే ఆ విధంగా తన నకారాన్ని కోల్పోయింది కాబట్టి ఈ వివరణ నమ్మదగినదిగా తోస్తుంది. కాలక్రమం దానికి ఒప్పుకోదు. 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు ఈ పదం పాత ఫ్రెంచి నుంచి అందేసరికే నకారం లేదు. ఆ నకారం ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లో "ఒక" అనే అర్థమిచ్చే ఉన, ఊన్ అనే మాటల చివరి నకారంలో కలిసిపోయింది. అందువల్ల పటం మీద నకారలోప గుర్తును లండన్ దగ్గర పెట్టకుండా ఇటలీ, ఫ్రాన్సుల దగ్గర పెట్టాను.

ఫ్రెంచిలో మొదటి అచ్చు ఆకారం నుంచి ఒకారంగా మారడానికి బంగారానికి ఆ భాషలో ఉన్న ఓర్ అనే పేరు తోడ్పడిందంటారు. లాటిన్‌లో పండితులు ఆరాంటియం అని రాయడంలోనూ బంగారానికి లాటిన్ పేరైన ఆరుమ్ ప్రభావమే ఉంది. పండు రంగు, పదం ధ్వని రెండూ ఒకే వైపు లాగినప్పుడు ఇటువంటి మార్పు సహజం.

ఈ శాఖలో తప్పించుకోవలసిన రెండు ఉచ్చులు ఉన్నాయి. మొదటిది ఫ్రాన్సు దక్షిణాన ఉన్న ఒరాంజ్ పట్టణం. క్రీ.పూ. 35లో రోమన్లు అక్కడ వలస స్థాపించినప్పుడు దాని పేరు అరౌసియో. ఆ పేరుకూ పండుకూ పుట్టుకలో సంబంధం లేదు, ధ్వనులు కాలక్రమంలో ఒకటయ్యాయి. 1544లో ఆ సంస్థానం వారసత్వంగా నస్సౌ వంశపు విలియమ్‌కు దక్కింది. నెదర్లాండ్స్ రాజవంశానికి ఒరాంజ్ పేరు, ఆ రంగు అక్కడి నుంచే సంక్రమించాయి. పాత గ్రంథాల్లో పదం తొలి ప్రయోగాలను వెతికేటప్పుడు ఊరి పేరు, వంశం పేరు, దక్షిణాఫ్రికాలో ఆ వంశం పేరు పెట్టిన నది, అన్నీ కలిసి వస్తాయి. పెద్ద అక్షరంతో మొదలయ్యే వాటిని ముందే వేరు చేయాలి.

రెండోది ఏనుగు కథ. నారింజలు అతిగా తిని ఏనుగు చనిపోయిందనీ, నాగరంగ అనే సంస్కృత పదం (నాగ అంటే ఏనుగు అనే అర్థంలో) ఆ సంఘటన నుంచి పుట్టిందనీ చెప్పే కథ చాలా చోట్ల వ్యుత్పత్తిగా చలామణి అవుతోంది. దీన్ని ఏ గడిలోనూ చేర్చలేదు.

లెక్క: 37లో 12.

ఐదో దశ: పొమ శాఖ

ఇటాలియన్‌లో పండుకు ఉన్న పోమొ అనే మాటను అరాన్చకు ముందు చేర్చగా ఏర్పడిన రూపం ఆల్ప్స్ దాటి తూర్పుకు వెళ్లింది. పోలిష్ పొమరాంచ, చెక్ పొమెరాంచ్, స్లోవాక్ పొమరాంచ్, స్లొవీన్ పొమరాంచ, సెర్బియన్ పొమొరాంజ. వీటిని నారంగ శాఖలోనే కలపాలా, వేరుగా చూపాలా అన్న ప్రశ్నకు తల్లి గడి జవాబిచ్చింది: మూలం ఒకటే, దారి వేరు. నారంగ శాఖ గుర్తునే ఉంచి, దాని చుట్టూ ఒక వలయం గీశాను. క్రొయేషియన్, సెర్బియన్ ఇంత దగ్గరి భాషలై ఉండి కూడా ఈ ఒక్క మాట దగ్గర రెండు దారుల్లో నిలబడటం పటంలో నాకు బాగా నచ్చిన చోటు. ఒకదానికి వెనిస్ ఓడల మీద వచ్చిన రూపం దక్కింది, మరొకదానికి పోమొ చేరిన రూపం దక్కింది.

లెక్క: ఇప్పటిదాకా 37లో 17.

ఆరో దశ: చీనా ఆపిల్ శాఖ

ఉత్తరాది భాషలు నారంగను తీపి పండుకు వాడలేదు. ఓడల మీద వచ్చిన కొత్త పండును చైనా ఆపిల్ అన్నాయి. డచ్ సీనాసాపెల్‌లో చైనా ముందు, ఆపిల్ వెనుక. జర్మన్ ఆప్ఫెల్‌జీనెలో ఆపిల్ ముందు, చైనా వెనుక. డేనిష్, నార్వేజియన్, స్వీడిష్ భాషల్లో అపెల్సీన్, ఐస్‌లాండిక్‌లో అప్పెల్సీన, ఫిన్నిష్‌లో అప్పెల్సీని, ఎస్టోనియన్, లాట్వియన్, లిథువేనియన్, రష్యన్, ఉక్రేనియన్, బెలరూసియన్ భాషల్లోనూ ఇదే రూపం చిన్న మార్పులతో ఉంది. మొత్తం 13. ఉక్రేనియన్‌లో పొమరాంచ కూడా వాడుకలో ఉన్నందున దానికి రెండు గుర్తులు పెట్టాను.

ఈ శాఖలో కష్టం జర్మన్‌తో వచ్చింది. ఉత్తర జర్మనీలో ఆప్ఫెల్‌జీనె, దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో ఒరాంజె. ఒకే భాషకు ఒకే రంగు వేయడం ఇక్కడ అసత్యమవుతుంది. డచ్‌లోనూ ఇదే పరిస్థితి ఉంది. బెల్జియంలోని ఫ్లాండర్స్ వైపు అపెల్సీన్ అనే రూపం వినిపిస్తుంది. జర్మన్‌కు ఉత్తరాన ఒక గుర్తు, దక్షిణాన మరో గుర్తు పెట్టి, లెక్కలో మాత్రం దాన్ని ఈ శాఖలోనే ఉంచాను.

లెక్క: 37లో 30.

ఏడో దశ: పోర్చుగల్ శాఖ, ఒంటరి కాటలాన్

గ్రీకు పోర్తొకాలి, బల్గేరియన్, మాసిడోనియన్, అల్బేనియన్ పోర్తొకాల్, రుమేనియన్ పోర్తొకాల, టర్కిష్ పోర్తకాల్. ఆరింటిలోనూ పోర్చుగల్ దేశం పేరే పండు పేరైంది. అరబ్బీలోనూ తీపి పండు బుర్తుఖాల్. ఆ పండును అమ్మినవారు పోర్చుగీసు వర్తకులు. ఈ పేరును పోర్చుగీసువారు మాత్రం వాడరు, వారికది లరాంజ. నేపుల్స్, సిసిలీ మాండలికాల్లోనూ పోర్చుగల్ పేరు నిలిచి ఉంది. వాటిని 37లో లెక్కించకుండా, చిన్న అక్షరాలతో పటంలో చేర్చాను.

కాటలాన్ తరోంజ గురించి మూడో దశలోనే చెప్పాను. స్పానిష్‌లో దాని సోదరపదమైన తొరోన్హ పంపరపనస రకం పండుకు పేరు. కాటలాన్ తరోంజను ఒంటరి పదంగా గుర్తించి పక్కన పెట్టాను, తరువాతి దశలో అది ఒంటరిది కాదని తేలింది.

లెక్క: 37లో 37. నారంగ 12, పొమ 5, చీనా ఆపిల్ 13, పోర్చుగల్ 6, తురుంజ 1.

ఎనిమిదో దశ: చేదు పండు గడి తెరవడం

మొదటి పటం సిద్ధమయ్యాక చూస్తే, నారంగ పడమటి ఐరోపాకే పరిమితమై ఆగిపోయినట్టు, ఉత్తరానికీ తూర్పుకూ అసలు వెళ్లనట్టు కనిపించింది. ఒక్క గడితో గీసిన పటాలన్నీ ఈ అభిప్రాయాన్నే కలిగిస్తాయి. అది నిజం కాదు. చేదు పండు గడిని పక్కన పెట్టి చూడాలి.

1. జర్మన్: తీపి ఆప్ఫెల్‌జీనె, చేదు పొమెరాన్ౘె.
2. స్వీడిష్, డేనిష్: తీపి అపెల్సీన్, చేదు పొమెరాన్స్.
3. ఫిన్నిష్: తీపి అప్పెల్సీని, చేదు పొమెరాన్సి.
4. ఎస్టోనియన్: తీపి అపెల్సీన్, చేదు పొమెరాన్‌త్స్.
5. రష్యన్: తీపి అపెల్‌సీన్, చేదు పొమెరానెత్స్.
6. గ్రీకు: తీపి పోర్తొకాలి, చేదు నెరాన్ౙి.
7. టర్కిష్: తీపి పోర్తకాల్, చేదు తురున్చ్.

నారంగ ఉత్తరానికీ తూర్పుకూ కూడా వెళ్లింది. చేదు పండుతో కలిసి ముందే వెళ్లి, దాని పేరుగా స్థిరపడిపోయింది. తరువాతి శతాబ్దాల్లో తీపి పండు వచ్చినప్పుడు ఆ భాషలు పాత పేరును చేదు పండుకే ఉంచి, కొత్త పండుకు అది వచ్చిన దారిని బట్టి కొత్త పేరు పెట్టుకున్నాయి: డచ్ ఓడలు తిరిగిన సముద్రాల చుట్టూ చైనా పేరు, మధ్యధరా తూర్పు తీరం చుట్టూ పోర్చుగల్ పేరు. పడమటి భాషలు ఇందుకు భిన్నంగా పాత పేరును కొత్త పండుకు బదిలీ చేసి, చేదు పండును విశేషణంతో వేరు చేశాయి. స్పానిష్‌వారికి చేదు పండు "చేదు నరాన్హ", ఇంగ్లీషువారికి "సెవిల్ ఆరెంజ్".

టర్కిష్ తురున్చ్ వల్ల కాటలాన్‌కు తోడు దొరికింది. మధ్యధరా సముద్రపు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, రెండూ తురుంజ వంశమే. ఒకటి తీపి పండు పేరైంది, మరొకటి చేదు పండు పేరుగానే ఉంది. రెండో గడి లేకపోతే ఈ బంధుత్వం కనిపించేదే కాదు.

ఈ పద్ధతిని అనుసరించేవారికి నేను గట్టిగా చెప్పదలచినది ఇదే. వస్తువులు రెండున్నప్పుడు ఒకే గడి పెట్టవద్దు. పదం ఎక్కడ లేదో చూపే ఖాళీలు చాలాసార్లు మన పట్టిక సృష్టించినవే.

లెక్క: రెండో పటంలో పై వరుసల్లోని 8 భాషలు చేరాయి.

రంగు గడిని క్లుప్తంగా ముగించాను. రష్యన్‌లో పండు అపెల్‌సీన్ అయినా రంగు ఒరాన్జెవియ్, ఏ మొక్కలనైనా పెంచే గాజు గది ఒరాన్జెరేయ. డచ్‌లో పండు సీనాసాపెల్, రంగు ఒరాన్యె. ఫ్రెంచి పదం పండుతో కాక రంగుతో, రాజుల ఉద్యానాలతో ఉత్తరానికి వెళ్లిందన్నమాట. ఐస్‌లాండిక్ మాత్రం అప్పెల్సీనకు పసుపు అనే మాటను చేర్చి తన రంగు పేరును తానే తయారుచేసుకుంది.

తొమ్మిదో దశ: పటం గీయడం

పదాల పని కంటే పటం పని ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఎదురైన సమస్యలు, చేసిన మార్పులు వరుసగా రాస్తున్నాను.

1. దేశాలకు రంగులు నింపడం. స్పెయిన్‌లో స్పానిష్, గలీసియన్, బాస్క్, కాటలాన్ నాలుగూ ఉన్నాయి, శాఖలు రెండు. స్విట్జర్లాండ్, బెల్జియంలదీ ఇదే సమస్య. దేశాల సరిహద్దులను లేత గీతలుగా మిగిల్చి, భాష మాట్లాడే ప్రాంతం మధ్యలో చుక్కలు పెట్టాను.

2. మాల్టా మాయమవడం. నేచురల్ ఎర్త్ సమాచారం మూడు స్థాయిల్లో లభిస్తుంది. అన్నిటికంటే స్థూలమైన 1:11 కోట్ల స్థాయిలో మాల్టా దీవే లేదు, అందువల్ల మాల్టీస్ చుక్క సముద్రంలో తేలింది. 1:5 కోట్ల స్థాయికి మారితే సరిపోయింది.

3. ఉత్తరం సాగిపోవడం. అక్షాంశ రేఖాంశాలను గళ్ల కాగితం మీద పెట్టినట్టు చూపే మామూలు అమరికలో, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర తూర్పు పడమరల దూరం రెండింతలుగా కనిపిస్తుంది. చీనా ఆపిల్ శాఖ ఉన్నదానికంటే ఎంతో విశాలంగా తోచింది. వైశాల్యాన్ని సరిగా నిలిపే ఐరోపా అమరిక ఈపీఎస్‌జీ 3035కు మార్చాను.

4. బాల్కన్ ప్రాంతంలో పేర్లు ఒకదానిపై ఒకటి ఎక్కడం. పటం స్కేలు 1:1 కోటి, అంటే 10 కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు. మాసిడోనియన్, అల్బేనియన్ చుక్కలు పెట్టిన రాజధానులు స్కోప్యె, తిరానాల మధ్య దూరం సుమారు 150 కిలోమీటర్లు, కాగితం మీద 15 మిల్లీమీటర్లు. 11 పాయింట్ల అక్షరాల్లో పోర్తొకాల్ అనే మాట అంతకంటే వెడల్పు ఆక్రమిస్తుంది. అక్షరాలను 8 పాయింట్లకు తగ్గిస్తే ఒత్తులు చదవడానికి వీలుకాలేదు. బాల్కన్ ప్రాంతాన్ని 1:50 లక్షల స్కేలులో వేరే చిన్న పటంగా కింది మూలలో పెట్టాను. అదే దూరం 30 మిల్లీమీటర్లయింది.

5. ఒత్తులు విడిపోవడం. పేర్లను వంపు గీత వెంట నడిపించే అమరికలోనూ, అక్షరాల మధ్య ఎడం పెంచినప్పుడూ తెలుగు ఒత్తులు తమ అక్షరాల నుంచి విడిపోయాయి. తెలుగు పేర్లన్నిటినీ అడ్డంగా, ఎడం పెంచకుండానే ఉంచాలి.

6. రంగులు. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేనివారికీ, నలుపు తెలుపు నకళ్లకూ పనికివచ్చేలా రంగుతోపాటు ఆకారం కూడా ఇచ్చాను. నారంగకు వృత్తం, పొమకు వలయంలో వృత్తం, చీనా ఆపిల్‌కు చతురస్రం, పోర్చుగల్‌కు త్రిభుజం, తురుంజకు నక్షత్రం.

పదో దశ: తెలుగు నేల చిన్న పటం

కుడి పక్కన మిగిలిన చోటులో తెలుగు రాష్ట్రాల చిన్న పటం పెట్టడానికి బలమైన కారణమే ఉంది. అనంతపురం, కడప జిల్లాల్లో తీపి పండును చీనీ అంటారు, తోటలను చీనీ తోటలంటారు. నల్లగొండలో అదే పండు బత్తాయి. ఒకే సిట్రస్ సినెన్సిస్‌కు రాయలసీమలో చైనాను తలపించే పేరు ఉండగా, ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ చైనా పేరే ఉంది. నారింజ అన్న పాత పేరు మన దగ్గర కూడా పుల్లని పండు వైపే ఎక్కువ కాలం నిలిచింది. ఐరోపా తూర్పు భాషల్లో కనిపించిన పాత పేరు, కొత్త పేరు విభజన మన దగ్గరా ఉంది కాబట్టి, చిన్న పటంలోనూ రెండు గడులనే పాటించాను.

శాస్త్రీయ నామాన్ని కూడా ఇదే మూలలో చేర్చాను. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ పండ్లకు ఆరాంటియం అనే పేరు పెట్టి, తీపి రకాన్ని సినెన్సిస్ అనే విభేదంగా చూపాడు. అతని శిష్యుడు, చైనాకు వెళ్లివచ్చిన ఓస్బెక్ 1765లో సినెన్సిస్‌ను ప్రత్యేక జాతిగా నిలబెట్టాడు. వృక్షశాస్త్ర నామాల్లోనే నారంగ, చైనా రెండూ పక్కపక్కన ఉన్నాయి.

ముద్రణకు పంపే ముందు చేయవలసిన పరీక్షలు:

1. ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, ఫాంట్లు ఫైలులో ఇమిడి ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ముద్రణాలయం కంప్యూటరులో ౘ, ౙ పోతాయి.
2. చుక్కల సంఖ్యను పట్టికతో సరిచూడాలి: 37 భాషలకు 39 చుక్కలు ఉండాలి, జర్మన్‌కూ ఉక్రేనియన్‌కూ రెండేసి కాబట్టి.
3. ఏ4 కాగితం మీద అసలు కొలతలోనే బాల్కన్ చిన్న పటాన్ని మాత్రం ముద్రించి, చేతి దూరంలో చదవగలమో చూడాలి.
4. చేదు పండు పేర్లు వాలు అక్షరాల్లో ఉండాలన్న నియమాన్ని తీసివేయాలి. తెలుగు అక్షరాలను వాలిస్తే తలకట్లు కలిసిపోతున్నాయి. వాటికి బూడిద రంగు సరిపోతుంది.

మిగిలిన పని: పోర్చుగల్, చీనా ఆపిల్ శాఖలకు చెందిన మిగిలిన 11 భాషల్లో చేదు పండు గడిని శాస్త్రీయ నామం ఉన్న ఆధారాలతో నింపడం, ఆ తరువాత రెండో పటాన్ని వెనుక పేజీలో ఐదు వరుసల అక్షర దూరం పట్టిక పక్కన చేర్చడం.